మురుగు అని రాసింది నేనే

కంపెనీ వాళ్లు మా మీద ప్రయోగించిన కాగితం నా చేతిరాతే. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను. పదకొండేళ్లుగా నేను పెట్టిన అర్జీల్లోంచి ఆరింటిని జిరాక్సు తీసి, పసుపు పెన్నుతో గీతలు కొట్టి, ఇంజనీరమ్మ చేతిలో పెట్టారు. అన్నిట్లోనూ ఒకటే మాట: ‘మా ఊరి మురుక్కాలవలో పూడిక తీయించవలసిందిగా కోరుతున్నాను. ఇట్లు, యలమందయ్య.’

మా ఊరు పర్చూరు దాటాక చీరాల రోడ్డు మీద ఉంటుంది. నల్లరేగడి నేల. పత్తి, మిరప. బోరు వేస్తే ఉప్పునీళ్లు. ఊరి తూర్పున పారే కాలవే మాకు దిక్కు. ఆ కాలవ పక్కన ఒక కంపెనీ మూడొందల ఎకరాలు కొని వెంచర్ మొదలుపెట్టింది. నాలుగు వేల ఇళ్లు కడతారట. అన్ని ఇళ్లలో వాడిన నీళ్లు ఎక్కడికో పోవాలి కదా. కాలవలోకి వదులుతాం, అనుమతివ్వండని దరఖాస్తు పెట్టారు. మురుగులోకి వదిలే నీళ్లకు ఒక కొలత, సాగునీళ్లలో కలిపే నీళ్లకు ఇంకో కొలత. మొదటిది పది రెట్లు వదులు. అందుకని దరఖాస్తులో మా కాలవను మురుగు అని రాశారు. దానికి సాక్షిని నేను.

ఆగస్టులో కాలుష్య నియంత్రణ మండలి నుంచి తనిఖీకి వచ్చిన ఇంజనీరు పేరు శ్రీరమ్య. నేను నలభై మందిని వెంటేసుకుని కాలవ గట్టు మీదికి పోయాను. అరిచాను. అరవడం నాకు బాగా వచ్చు. కంపెనీ మేనేజరు నా జిరాక్సు నాకే చూపించి, ఈ సంతకం మీదేనాండీ అని మర్యాదగా అడిగాడు. నాదే. ఇంజనీరమ్మ ఫైలు తెరిచి పెన్ను తీసింది.

అప్పుడొచ్చింది ఖాదర్‌బీ. నన్ను ఆదుకోవడానికి కాదు, తిట్టడానికి. గట్టు కింద అరెకరంలో మిరప నారు పోసి అమ్ముకుంటుంది ఆమె. నేను తెచ్చిన జనం ఆమె నారుమడి అంచు తొక్కేశారు.

“ఏందయ్యా యలమందయ్యా, ఊరిని కాపాడతానని నా నారు తొక్కిస్తన్నావే” అంది. నా వెనకున్న వాళ్లే నవ్వారు.

సంగతి చెప్పాను. మురుగు అని రాసి కొంప ముంచానని కూడా చెప్పాను. ఆమె నన్ను వదిలేసి ఇంజనీరమ్మ వైపు తిరిగింది.

“మురుగంటే ఏందమ్మా మీ లెక్కలో?”

ఇళ్లలోంచి వచ్చే మురికినీళ్లు అని శ్రీరమ్య చెప్పింది.

“మాకది కాదమ్మా. చేలో నీళ్లెక్కువైతే గండి కొట్టి మురుగు తీస్తాం. పైనోళ్లు తీసిన మురుగే కిందోళ్లకి తడి. అది పోయే కాలవ గాబట్టి మురుక్కాలవ. మా నోట్లో మురుగు వేరు, మురికి వేరు.”

నాకు తెలియని సంగతా అది? పదేళ్ల వయసు నుంచి చేలో మురుగు తీసినవాణ్ణి. నోట్లో ఉన్నంతసేపూ ఒక అర్థమిచ్చే మాట, ఆఫీసు కాగితం ఎక్కేసరికి ఇంకో అర్థమిస్తుందని నా బుర్రకు తట్టలేదు.

మాటలు ఎన్నయినా చెబుతారు మేడమ్, నీళ్ల నమూనా రిపోర్టు జతచేశాం కదా అన్నాడు మేనేజరు. ఖాదర్‌బీ శ్రీరమ్యను చెయ్యి పట్టుకుని మళ్ల దగ్గరికి తీసుకుపోయింది. పక్కపక్కనే రెండు మళ్లు. ఒకే రోజు పోసిన ఒకే విత్తనం. మోటారు చెడిపోయి, బిందెలతో మోసిన కాలవ నీళ్లు రెండు మళ్లకూ చాలక, అయిదు రోజులు ఒక మడికి బోరునీళ్లు పెట్టింది. ఆ మడిలో నారు అంచులు మాడి వాలిపోయింది. పక్క మడి జానెడెత్తున పచ్చగా నిలబడి ఉంది.

శ్రీరమ్య గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది. నీళ్లలో ఉప్పు చూపించే మీటరు బ్యాగులోంచి తీసింది. బోరునీళ్లలో ముంచితే మూడు వేల తొమ్మిదొందలు. కాలవలో నాలుగొందల డెబ్బై. మీ నమూనా ఎక్కడ తీశారని మేనేజరును అడిగింది. మే నెలలో, కల్వర్టు కింద అన్నాడు. మేలో మా కాలవ పారదు. కల్వర్టు కింద గేదెలు పడుకునే గుంట ఒక్కటే మిగులుతుంది. ఆ మాట ఆమెకు నెమ్మదిగానే చెప్పాను. రాసుకుంది. తర్వాత చెప్పులు విడిచి, మోకాలి లోతు దిగి, పారే నీళ్లను తనే సీసాల్లో పట్టింది. చీటీ మీద కాలవ పేరు రాయబోతూ ఆగి, ఏం రాయమంటారని ఖాదర్‌బీని అడిగింది.

“సాగుకాలవ అని రాయమ్మా. యలమందయ్యని మాత్రం అడగమాక.”

అయిదు వారాలకు ఉత్తర్వు వచ్చింది. వెంచర్ ఆగలేదు. ఆగుతుందని నేనూ అనుకోలేదు. కాలవలోకి మాత్రం చుక్క వదలకూడదు. వాడిన నీళ్లు శుద్ధి చేసి వాళ్ల చెట్లకే పెట్టుకోవాలి. మూణ్ణెల్లకోసారి కాలవ నీళ్లు పరీక్ష చేయించి, ఫలితం పంచాయతీ గోడకు అంటించాలి.

ఖాదర్‌బీకి చదివి వినిపించాను. నారు కట్టలు కడుతూ వింది. రెండోసారి చదవమంది. చదివాను. వచ్చే ఏడు ఇంకో నాలుగు మళ్లు పోస్తానంది. పోయి మొహం కడుక్కుని వచ్చింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. నావీ అంతే.

శ్రీరమ్య గారికి ఉత్తరం రాద్దామని అక్కడే గట్టు మీద కూర్చున్నాను. ‘విషయం’ అని రాశాక చెయ్యి ఆగిపోయింది. వందల అర్జీలు రాశాను, ఏదో ఒకటి అడగని కాగితం ఒక్కటీ లేదు. ఈసారి అడిగేదేం లేదు. ఆ ముక్కే రాశాను. మీరు న్యాయంగా చూశారు, మా ఊరు మిమ్మల్ని మరిచిపోదు అని రాశాను. సంతకం పెట్టి కాగితం ఖాదర్‌బీకిచ్చాను, తన పేరు కూడా ఉండాలని. వేలిముద్రకు సిరా కోసం వెతకబోతే వద్దంది. సంతకం నేర్చుకుందట. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, పెన్ను తీసుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. నేను తొందరపెట్టలేదు.