రాయి వెనకవైపు

రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు తేజస్విని గుడుపల్లెలో నాయనతోపాటు బస్సెక్కి, కుప్పం దగ్గరున్న గ్రానైట్ ఫ్యాక్టరీలో దిగేది. నాయన మునస్వామి షెడ్డులో పాలిష్ మిషన్ దగ్గరికి పోయేవాడు. ఆమె ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చునేది. మదనపల్లెలో డిప్లొమా చదివిన పిల్ల. విదేశాల్లో సమాధుల మీద నిలబెట్టే రాళ్లను కొలతల ప్రకారం తెరమీద తయారుచేసి, ముందు నుంచి, పక్కల నుంచి, పైనుంచి తిప్పి బొమ్మలు పంపడం ఆమె పని. కొనేవాళ్లు సరేనంటేనే షెడ్డులో రాయి కోస్తారు.

వెనకవైపుకు తిప్పినప్పుడు, ఎప్పుడో ఒకసారి, అక్కడ తెలుగులో ఒక పేరు ఉండేది. షెడ్డులో పనిచేసే ఎవరో ఒకరిది. ఆ మనిషి ఆరు నెలల్లో దగ్గి దగ్గి పోయేవాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరితే అంతేనని అందరికీ తెలుసు. పేరు రావడం కూడా అందులో భాగమే అనుకున్నారు. షెడ్డులోవాళ్లు టీ వేళకు ఆమె కిటికీ దగ్గరికొచ్చి, పేరొచ్చిందా అని, బస్సొచ్చిందా అని అడిగినట్టు అడిగి పోయేవాళ్లు.

పోయినేడు పుంగనూరు చెంగల్రాయుడి పేరొచ్చింది. తేజస్విని చెప్పలేక చెప్పింది.

"సరేలే మా," అన్నాడాయన. "అట్లయితే ఇంటికి రేకులు ఇప్పుడే ఏపించాల. వానలొస్తే ఆడోళ్ల చేత కాదు."

రేకులు వేయించాడు. వానలకు ముందే పోయాడు.

నాయనకు దగ్గు మొదలయ్యాక తేజస్విని రాళ్లను వెనక్కి తిప్పడం మానేసింది. నెల గడిచింది. ఒక సోమవారం జంట రాళ్ల ఆర్డరొచ్చింది, మొగుడికొకటి, పెళ్లానికొకటి. వెనకవైపు బొమ్మలు కూడా కావాలన్నారు. సూపర్‌వైజర్ పురుషోత్తం వచ్చి ఆమె కుర్చీ వెనక కాసేపు నిలబడ్డాడు.

"తిప్పు మా. నువ్వు తిప్పకుంటే రాకుండా పోతాదా?" అనేసి వెళ్లిపోయాడు.

తిప్పింది. రెండో రాయి వెనక ఏమీ లేదు. మొదటిదాని వెనక 'మునస్వామి' అని ఉంది.

బయట మిషన్ల మోతలో కూడా నాయన దగ్గు వేరుగా వినిపిస్తూ ఉంది. ఆ పేర్లను చెరపాలని అంతవరకూ ఎవరికీ తోచలేదు. తేజస్విని పేరు మీద నొక్కి డిలీట్ కొట్టింది. రాయి నున్నగా అయిపోయింది. దగ్గు ఆగింది. టీ వేళకు నాయన గ్లాసు టీ ఒక్కసారి కూడా ఆపకుండా తాగాడు.

ఆమె లోపలికొచ్చి రెండో రాయిని మళ్లీ తిప్పింది. దాని వెనక 'రమణ' అని ఉంది.

నాయన పక్క మిషన్ మీద పనిచేసేది రమణే. ఇరవై రోజుల కిందట కూతురికి పేరు పెట్టి అందరికీ బూందీ పంచాడు. చెరపబోయి ఆగింది. ఇది చెరిపితే ఇంకో రాయి మీద ఇంకొకరు.

మొదటి ఫైలు ఇంకా తెరిచే ఉంది. అన్‌డూ ఒక్కసారి నొక్కితే నాయన పేరు తిరిగొస్తుంది. షెడ్డులో నాయన ఎవరితోనో మాట్లాడుతూ నవ్వుతున్నాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

సేవ్ చేసి ఫైలు మూసేసింది. మూశాక చెరిపింది తిరిగి రాదు.

మధ్యాహ్నం రమణే కిటికీ దగ్గరికొచ్చాడు.

"పేరేమన్నా వచ్చిండాదా మా?"

"వచ్చిండాదన్నా. నీదే."

"సరిగ్గా సూసినావా?"

ఆమె తెరను అతని వైపు తిప్పింది. అతను ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"మా ఇంటిదానికి నేనే సెప్పుకుంటా. నువ్వు సెప్పొద్దు," అన్నాడు. కాసేపటికి అతని మిషన్ మళ్లీ మొదలైంది.

సాయంత్రం బస్సులో కూర్చున్నాక నాయన రమణ సంగతి ఎత్తాడు.

"సిన్నోడు మా వాడు," అన్నాడు. "బిడ్డకు పేరు పెట్టి నెల కూడా కాలా. నాకొచ్చింటే ఎంత బాగుండు."

తేజస్విని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

"యాల మా, మాట్లాడవు?"

"ఏం లేదు నాయనా."

ఆయన సీటుకు తల ఆనించి నిద్రపోయాడు. ఊపిరి ఆమె భుజం పక్కనే, ఏ అడ్డమూ లేకుండా, వచ్చి పోతూ ఉంది.