సూరాడ నూకాలమ్మ, జనవరి ఒకటి

నేను ఒక బొటనవేలంత ప్లాస్టిక్ గొట్టాన్ని. అడుగున కాస్త మందునీళ్లు, పైన మరమూత. ఫ్యాక్టరీలో వెయ్యిమందిమి ఒకే పూట పుట్టాం. ఎవరికీ పేరు లేదు. పేరు ఎంత చిక్కు తెచ్చే వస్తువో మనుషుల మధ్యకు వచ్చాకే తెలిసింది.

అట్టపెట్టెలో కూర్చుని ఉత్తరాంధ్ర తీరాన కొత్తరేవుపేట చేరాను. అక్కడ ఆశా కార్యకర్త వరహాలు ముప్పై దాటిన ఆడవాళ్లను పోగుచేసి, అంగన్‌వాడీ గదిలో చీర అడ్డం కట్టి, మా సంగతి చెప్పింది.

"గర్భసంచి మూతి కాడ ఓ వైరస్ సేరతాదమ్మా. సానామందికి దానంతటదే పోతాది. పోకుండా ఏళ్లతరబడి తిష్ఠేస్తేనే కేన్సరు బయం. ముందే సూసుకుంటే పది నిమిషాల పని."

చీర చాటుకు వెళ్లి, మెత్తని బ్రష్షుతో ఎవరి నమూనా వాళ్లే తీసుకుని, దాన్ని మాలో ముంచి మూత బిగించాలి. అంతే.

"ఓలప్పా, పళ్లు తోంకునే బ్రెష్షు కన్నా సిన్నదేటే!" అంటూ ఎండురొయ్యలు అమ్మే నూకాలు నన్ను అందుకుంది. ఆమె వెనకే బట్టలు కుట్టే నూకాలు. ఇద్దరూ సూరాడ నూకాలమ్మలే. మొగుళ్లిద్దరూ అప్పన్నలే. ఆధార్ రాయించిన నాడు పుట్టినరోజు తెలియని వాళ్లందరికీ ఏడు అంచనా కట్టి జనవరి ఒకటి వేసేశారు గనుక, ఇద్దరూ ఒకే ఏడు, ఒకే రోజున పుట్టారు కూడా. ఊళ్లో దీనివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. ఒకరు రొయ్యల నూకాలు, ఇంకొకరు మిషను నూకాలు. అందుకే వరహాలు నాకు అతికించిన కాగితం మీద పేరు, పుట్టినతేదీ రాసి, కింద 'రొయ్యలు' అని చేర్చింది.

పట్నం ఆసుపత్రి ల్యాబులో మాధవి అనే టెక్నీషియన్ నన్ను వెలుతురుకెత్తి చూసి, "రొయ్యల్ని మనకెందుకు పంపార్రా బాబూ" అని నవ్వింది. పేరు, పుట్టినతేదీ కంప్యూటరుకెక్కించి, రొయ్యల్ని వదిలేసింది. ఆ రోజు యంత్రంలోకి వెళ్లిన తొంభై గొట్టాల్లో ఆరింటిలో ప్రమాదకరమైన రకం వైరస్ కనబడింది. ఆ ఆరింటిలో నేనొకదాన్ని.

ఊరి నుంచి వచ్చిన పెట్టెలో నా పక్కన ఇంకొక గొట్టం ఉండేది. దాని మీద ఒకావిడ పేరు రాసి ఉంది, లోపల మందునీళ్లు తప్ప ఏమీ లేదు. నమూనా ఇవ్వకుండానే, వచ్చే నెల చూద్దామందట ఆవిడ. ఆ సంగతి ఇంతకన్నా చెప్పలేను.

చీటీలు ఊరికి వెళ్లాయి. వైరస్ ఉందన్న చీటీ మిషను నూకాలుకూ, లేదన్నది రొయ్యల నూకాలుకూ అందాయి. నాలుగు రోజులు మిషను ఆగిపోయింది. ఐదోనాడు వరహాలుకు అనుమానం తట్టింది. ఇద్దరినీ బస్సెక్కించి తెచ్చి ల్యాబు కిటికీ ముందు నిలబెట్టింది. మాధవి నన్ను ఫ్రిజ్‌లోంచి తీసి వరహాలుకు చూపించింది.

"రొయ్యలు," అని చదివింది వరహాలు.

మిషను నూకాలు గట్టిగా ఊపిరి వదిలింది. వెంటనే సిగ్గుపడి పక్కకు చూసింది.

"అయితే నాకా?" అంది రొయ్యల నూకాలు. "నేదని కాయితం ఇచ్చీసి, ఇప్పుడు సీసా సూపించి ఉందంటే ఎలాగే వరాలూ? నానెల్లిపోతాను. రొయ్యలు ఎండలో ఏసొచ్చినాను, కాకులు తినీస్తాయి."

"తిననీ," అంది మిషను నూకాలు, ఆమె చెయ్యి పట్టుకుని. "నీ జబ్బుకి నాల్రోజులు నాను ఏడిసినానే. నా ఏడుపు దండగ సెయ్యకు. నడు డాక్టరమ్మ కాడికి."

రొయ్యల నూకాలుకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. వెళ్లింది.

నన్ను బల్ల మీదే మరిచిపోయారు. మనుషులకు అవసరం తీరిన వస్తువు కంటికి ఆనదు. నాకూ అదే మంచిదైంది. చాలాసేపటికి కిటికీ అవతల రొయ్యల నూకాలు గొంతు వినబడింది.

"ఓ పక్కన మచ్చుందంట. ఏడి తగిలించి కాల్చీసినారు. కేన్సరింకా అవనేదంట. ఏడాదికి మల్లీ రమ్మన్నారు."

"నొప్పెట్టిందేటే?"

"నువ్వు కుట్టిన బిగుతు జాకెట్టు కన్నా నయమే."

ముగ్గురూ నవ్వుకుంటూ బస్సుకు వెళ్లిపోయారు. సాయంత్రం మాధవి నన్ను ఆసుపత్రి చెత్త వేసే పసుపురంగు సంచిలో వేసింది. ఈ సంచులు ఊరవతల చెత్త కాల్చే పెద్ద కొలిమికి పోతాయట. నాకేమీ బెంగ లేదు. ఆమె ఒంట్లోది కాలిపోయింది. ఇక నా వంతు.