ప్రశ్నల మందకు కాపరి

మా కొండ ఊరు అక్‌బులుంగ్‌కు ఇంటర్నెట్‌ను తెచ్చింది నేనే. నా గుర్రం మీద, మంచులో, కనుమ దాటించి తెచ్చాను. వీపున కట్టుకున్న నెట్ డిష్‌కు గాలి పట్టేసరికి గుర్రం కాళ్లు నేలకు ఆనలేదు, డేగలు పక్కకు తప్పుకుని దారిచ్చాయి. ఆ నెట్‌ను బడిపిల్లల చేత పొదుపుగా వాడించిన ఉపాయమూ నాదే. నమ్మినవాళ్లకు గిన్నెడు పులిసిన గుర్రపు పాలు పోస్తాను. నమ్మనివాళ్లకూ పోస్తాను, కాకపోతే కాస్త ఎక్కువ పులిసినవి.

బడి లైబ్రరీలో పొయ్యికి బొగ్గు వేసే పని నాది. లైబ్రరీని చూసుకునేది మా తమ్ముడి కూతురు ఊల్కాన్. నెట్‌ను జిల్లావాళ్లు నెలకు ఇంత అని కొలిచి ఇస్తారు. మా పిల్లలు మొదటి వారంలోనే దాన్ని తాగేసి గిన్నె బోర్లించేవారు. అందరికంటే ముందు పదో తరగతి ఎమిల్. కోక్‌బోరూ ఆటంటే వాడికి ప్రాణం. వీడియోలో గుర్రాల మీద మేక కళేబరం కోసం మగాళ్లు పెనుగులాడుతుంటే వాడు కుర్చీని గుర్రం చేసుకుని చూసేవాడు. ఊల్కాన్ పాస్‌వర్డ్ మార్చింది, పట్టేశారు. తలా పది నిమిషాలంది, పది నిమిషాల వీడియోలు వెతుక్కున్నారు.

చివరికి జిల్లా నుంచి కబురొచ్చింది. ఈసారి నెలాఖరు దాకా నెట్ నిలవకపోతే డిష్‌ను విప్పి దిగువ ఊరి బడికిచ్చేస్తారట.

"డిష్ పోతే ఇది లైబ్రరీ కాదు పెదనాన్నా, పాత పుస్తకాల కొట్టం," అంది ఊల్కాన్.

మర్నాడు పొయ్యి రాజేస్తూ పిల్లలకు చెప్పాను. "ఊళ్లో గొర్రెల్నెలా మేపుతాం? ఎవడి అయిదు గొర్రెల్ని వాడు తోలుకుని కొండెక్కుతాడా? అందరివీ ఒకటే మంద, రోజుకో ఇంటి వంతు. నెట్‌లోకీ అంతే. రోజుకొక్కరే వెళ్లాలి. అందరి ప్రశ్నలూ తోలుకెళ్లి, సాయంత్రానికి జవాబుల్తో తిరిగి రావాలి."

"గొర్రెను తప్పిపోనిస్తే?" అన్నాడు ఎమిల్.

"తర్వాతి వంతు పోతుందిరా, ఇంకేం పోతుంది!"

ఆ రోజు నుంచి లైబ్రరీ మారిపోయింది. బడి వదిలాక ఇంటికి పోవాల్సిన పిల్లలు పొయ్యి చుట్టూ చేరేవారు. తమ జవాబు కోసం కాదు, పక్కవాడి ప్రశ్నకు ఏం దొరికిందోనని. చీకట్లో తోడేలు కళ్లెందుకు మెరుస్తాయి? కంటి లోపల వెనకవైపు అద్దంలాంటి పొర ఉంటుందట. సముద్రం వాసన ఎలా ఉంటుంది? జడలబర్రెకు కలలొస్తాయా? ఈ చివరిదానికి జవాబింకా రాలేదు.

నెలాఖరు రోజు జిల్లా అధికారి తోక్తోసున్ వచ్చాడు. గిన్నె అడుగున గుక్కెడు నెట్ మిగిలింది. ఆ రోజు వంతు ఎవరిదనుకున్నారు? ఎమిల్‌ది. ఊల్కాన్ ముఖం మంచులా పాలిపోయింది.

అతిథికి టీ పోశాం, రొట్టె విరిచాం.

"నెట్ ఉందన్నమాట! అయితే నిన్నటి కోక్‌బోరూ పెట్టబ్బాయ్, మా మేనల్లుడు ఆడాడు," అన్నాడాయన.

అతిథి అడిగితే లేదనే ఇల్లు మా ఊళ్లో లేదు. ఆ వీడియో పెడితే డిష్ ఉండదు. ఊల్కాన్ నా వంక చూసింది. నేను పొయ్యి వంక చూశాను. ఎమిల్ వేళ్లయితే అప్పటికే మీటల మీద దురద పుట్టి ఆడుతున్నాయి.

వాడు చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "బాబాయ్, ఇవాళ కాపరిని నేను. మీ గొర్రెను కూడా మందలో కలపండి."

"నా గొర్రేంట్రా?"

"మీ ప్రశ్న. అసలు మీకేం తెలియాలి?"

ఆయన టోపీ వెనక్కి తోసి ఆలోచించాడు. "మావాడి జట్టు గెలిచిందా? వాడెలా ఆడాడు?"

ఎమిల్ నాలుగు ముక్కలు చదివి ఇటు తిరిగాడు. "గెలిచారు, ఏడు–నాలుగు. మీ మేనల్లుడు రెండుసార్లు గుర్రం మీంచి పడ్డాడు. రెండోసారి మేకతో సహా."

"పడ్డాడా! ఫోన్‌లో నాకు ఆ ముక్క చెప్పలేదే దొంగవెధవ!" ఆయన నవ్వుకు గిన్నెలో టీ ఒలికింది. "ఇంకేమున్నాయిరా మందలో?"

పొద్దు వాలేదాకా కదిలితే ఒట్టు. తోడేలు కళ్ల దగ్గర రెండుసార్లు చెప్పించుకున్నాడు. లేచేటప్పుడు ఎమిల్ భుజం తట్టి, "డిష్ ఇక్కడే ఉంటుందమ్మా," అన్నాడు ఊల్కాన్‌తో.

ఇదంతా రాసి చదివి వినిపిస్తే నా భార్య బుబూకాన్ పిండి చేతులు నడుం మీద పెట్టుకుంది.

"వంతు ఉపాయం ఎవరిది ముసలాడా?"

నీదే తల్లీ. డిష్ కూడా లారీలో వచ్చింది. నేను వెనకాల గుర్రమెక్కి కేకలేస్తూ వచ్చాను. కేకలు మాత్రం అచ్చంగా నావి.

ఇంకొక్కటి. జడలబర్రె కలల సంగతి ఏ పిల్లా అడగలేదు, అది నేను కల్పించాను. కల్పించిన దగ్గర్నుంచి నాకే నిద్ర పట్టడం లేదు. రేపటి వంతు ఎవరిదో కనుక్కోవాలి.