తొమ్మిది రోజుల పురుగు

సోమవారం వచ్చిందంటే ఆ ఊళ్లో ఏ ఇంట్లోనైనా ఒకటే వంట, పంది మాంసం వేసి ఉడికించిన నల్ల చిక్కుడు గింజలు. పెద్దావిడ దోన్యా ఫిదెలీనా ఇంట్లో ఆ కుండ తెల్లారుతూనే పొయ్యెక్కేది. అది ఉడికేలోపు ఆవిడ కొడుకు గాస్పర్ అడివికి పోయి, పడి పుచ్చిన మానుల బెరడు లేపి, మాకెచ్ పురుగుల్ని ఏరుకొచ్చేవాడు. బొటనవేలంత పురుగు. మట్టిరంగు ఒళ్లు, దాని మీద నల్లటి మచ్చలు. రెక్కల పెంకులు రెండూ అతుక్కుపోయి ఉంటాయి కాబట్టి ఎగరలేదు. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటుంది. పుచ్చుకర్ర ముక్క ఒకటి పెట్టెలో పడేస్తే చాలు, ఏళ్లకేళ్లు బతికేస్తుంది.

కోడలు నెల్బా పెరట్లో పుల్లనారింజ చెట్టు కింద బల్ల వేసుకుని కూర్చునేది. పురుగు వీపు మీద జిగురు చుక్క పెట్టి, పట్టకారుతో ఒక్కొక్క గాజురాయే తీసి అతికేది. ఎరుపు, పచ్చ, మధ్యలో తేనెరంగు. రాళ్లు ఆరాక నడుముకి సన్నటి గొలుసు, గొలుసు చివర పిన్నీసు. బట్టకి గుచ్చుకుంటే పురుగు ఆ గొలుసు సాగినంత మేర రొమ్ము మీద అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. మెరిదా పట్నం చూడవచ్చినవాళ్లు బజారులో వాటిని కేరింతలు కొట్టి కొనుక్కునేవాళ్లు.

ఊరివాళ్లు కొనేది మాత్రం వేరే పనికి. ఇంట్లో మనిషి పోయినప్పుడు, బాగా ఏడుస్తున్నవాళ్లకి దగ్గరివాళ్లెవరైనా ఒక మాకెచ్‌ను గుచ్చుతారు. అది కాసేపు నడిచి, వెతుక్కుని, ఒకచోట ఆగుతుంది. ఆగిందంటే దుఃఖాన్ని పట్టుకున్నట్టే. ఆ మనిషి లేచి మొహం కడుక్కుంటుంది, నాలుగు ముద్దలు తింటుంది, నిద్రపోతుంది. తొమ్మిది రోజుల ప్రార్థనలు అయ్యాక, గుచ్చినవాళ్లే వచ్చి తీసేస్తారు. దుఃఖం తిరిగొస్తుంది, అంతే బరువుతో వస్తుంది, కానీ అప్పటికి ఒంట్లో కాస్త సత్తువ ఉంటుంది. తొమ్మిది రోజులు దాటనివ్వకూడదు. దాటితే దుఃఖంతో పాటు, ఎవరి కోసం ఏడ్చారో ఆ పోయినవాళ్లు కూడా మరుపులోకి జారిపోతారు. ఇదంతా ఆ ఊళ్లో అందరికీ తెలిసిందే.

నెల్బాకీ గాస్పర్‌కీ ఒక్కతే కూతురు, సులేమీ. నాలుగేళ్లది. తల్లి పక్కన పీట మీద కూర్చుని, రాళ్లు అతకని పురుగులన్నిటికీ పేర్లు పెట్టేది. సెప్టెంబరు వానల్లో దానికి జ్వరం తగిలింది. ఆ వారమే మెరిదాకి పెద్ద సరుకు వెళ్లాలి. దోన్యా ఫిదెలీనా కళ్లకి పొర కమ్మి అప్పటికి రెండేళ్లయింది. రాళ్లు అతికే చెయ్యి ఆ ఇంట్లో నెల్బాది ఒక్కటే.

గురువారం పొద్దున నెల్బా పిల్లని చంకనేసుకుని వచ్చి, ఇసమాల్ ఆసుపత్రికి వెళ్తానంది. దోన్యా ఫిదెలీనా మొక్కజొన్న రుబ్బుతూ తల ఎత్తకుండానే, జ్వరాలు పిల్లలకి రాక మానులకొస్తాయా, శనివారం సరుకు బండి ఆ దారినే పోతుంది, మీరూ వెళ్దురు అంది. నెల్బా మొగుడి వైపు చూసింది. గాస్పర్‌కి ముందు సీటు బిగించిన మోటారుసైకిలు ఒకటుంది, దాని మీద ఊళ్లోవాళ్లని బస్సు దగ్గర దింపుతుంటాడు. గాస్పర్ వాళ్ల అమ్మ వైపు చూశాడు. ఆ తరవాత, అడివిలో పనుందని వెళ్లిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి జ్వరం దిగింది. పిల్ల నారింజ తొన ఒకటి చప్పరించింది. చూశావా అంది అత్త. నెల్బా బల్ల దగ్గరికి పోయి కూర్చుంది. సాయంత్రానికి పిల్ల అరికాళ్లు చల్లబడ్డాయి. శనివారం పొద్దున సరుకు పెట్టెలు కట్టి వాకిట్లో పెట్టే సమయానికి ఊయలలో ప్రాణం లేదు.

నెల్బా ఏడ్చిన ఏడుపు వీధి చివర రొట్టెల కొట్టు దాకా వినపడిందని చెప్పుకున్నారు. ఏడుస్తూ ఆమె ఒకటే మాట అంటూ ఉంది, గురువారం అడిగాను, గురువారం అడిగాను అని. పాతిపెట్టి వచ్చిన రోజే దోన్యా ఫిదెలీనా పెట్టెలోంచి ఒక మాకెచ్ తీసి కోడలి ఉయీపిల్ గౌను మీద, కుట్టుపూల అంచు కింద గుచ్చింది. పురుగు రెండడుగులు వేసి ఆగిపోయింది. నెల్బా నోట్లో మాట మధ్యలోనే ఉండిపోయింది. లేచి మొహం కడుక్కుని, ఆకలేస్తోంది అంది.

తొమ్మిదో రోజు ప్రార్థన అయిపోయింది. పురుగు తియ్యలేదు. క్రిస్మస్ సరుకు వెళ్లనీ అంది దోన్యా ఫిదెలీనా. క్రిస్మస్ వెళ్లింది. కార్నివాల్ పండగ వెళ్లింది. ఈలోగా ఆవిడ పిల్ల బట్టలు చర్చికి ఇచ్చేసింది. నూలుతో అల్లిన చిన్న ఊయలని విప్పి, దారం చుట్ట చుట్టేసింది. ఇరుగుపొరుగు చూశారు, ఏమీ అనలేదు. ఇంకొకరి ఇంటి పిన్నీసు మీద మనం చెయ్యి వెయ్యం కదా.

గాస్పర్ కూడా ఏమీ అనలేదు. మొదట్లో భార్యని చూస్తే అతనికి ప్రాణం కుదుటపడేది. ఆమె నవ్వుతోంది, తింటోంది, తనని ఏమీ అడగడం లేదు. తరవాత్తరవాత అదే అతనికి నరకమైంది. అన్నం దగ్గర కూర్చుని, సులేమీ ఉంటేనా, అని మొదలుపెట్టేవాడు. నెల్బా మర్యాదగా వినేది, పక్కింటి వాళ్ల పిల్ల సంగతి విన్నట్టు. ఇక అతను అడివిలోనే ఏడవడం నేర్చుకున్నాడు, బెరడు లేపుతూ.

మే నెలలో మెరిదా విశ్వవిద్యాలయం నుంచి రెబెకా మేడమ్ వచ్చింది. ఏటా వస్తుంది. పురుగుల్ని తూచి, పొడుగు కొలిచి, కడుపు కింద తెల్లరంగుతో చిన్న గుర్తు పెట్టి వదుల్తుంది. ఎవరి దుఃఖం మీద ఏ పురుగు ఎన్నాళ్లుంది, దించాక ఎంత బరువు పెరిగింది అన్నదీ ఆవిడ నోటుపుస్తకంలో ఒక వరసలో రాసుకుంటుంది. నిరుడు ఆవిడ పక్కన కూర్చుని పురుగుల పేర్లన్నీ అప్పజెప్పింది సులేమీనే. అందుకని ఈసారి రంగు పెన్సిళ్లు తెచ్చింది.

"పాప ఏది?" అంది నెల్బాతో.

నెల్బా పట్టకారు ఆపకుండానే నవ్వింది. "ఏ పాప, మేడమ్?"

మేడమ్ ఆమె రొమ్ము మీది పురుగుని చూసింది. దాన్ని రెండు వేళ్లతో మెల్లగా పైకెత్తబోతే, కాళ్లు బట్టలోకి చెట్టు వేళ్లు దిగినట్టు దిగిపోయి ఉన్నాయి. లేచి పెరటి గోడ దగ్గర నిలబడ్డ గాస్పర్ దగ్గరికి వెళ్లింది. ఎన్నాళ్లయిందని అడిగింది. చెప్పాడు. తొమ్మిది రోజులని నిరుడు నువ్వే కదయ్యా నాతో రాయించావు, అంది. గాస్పర్ మా అమ్మ అని ఏదో అనబోయాడు. మేడమ్ పెన్సిళ్ల డబ్బా అతని చేతిలో పెట్టి, తూకపు సామాన్లు సర్దుకుని, ఆ రోజు ఇంకేమీ కొలవకుండానే వెళ్లిపోయింది.

గాస్పర్ ఆ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. భార్య ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని పిన్నీసు విప్పాడు. పురుగు ఒక్కొక్క కాలూ వదలడానికి చాలాసేపు పట్టింది.

నెల్బా పట్టకారులో పచ్చరాయి ఉంది. ముందు దాన్ని జాగ్రత్తగా గిన్నెలో వేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. గాస్పర్ ఆ ఏడుపు కోసం సిద్ధపడి ఉన్నాడు, అది రాలేదు.

"ఇప్పుడు ఏ నెల?" అంది.

"మే."

"అయితే ఎనిమిది నెలల నుంచీ అది అక్కడ ఒక్కతే ఉందా?"

గాస్పర్ తల దించుకున్నాడు. తను సమాధుల తోట గేటు దాకా వెళ్లేవాడినని, లోపలికి వెళ్లలేకపోయేవాడినని చెప్పాడు. నెల్బా లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా నడిచి వెళ్లింది. సమాధి మీద మోకాలెత్తు గడ్డి. సున్నం వెయ్యలేదు, పేరు రాయలేదు. చీకటి పడకముందే గడ్డంతా చేత్తో పీకి, అరచేతులు కోసుకుని ఇంటికొచ్చింది.

దోన్యా ఫిదెలీనా పొయ్యి దగ్గర రొట్టెలు తట్టుతోంది. కోడలు వచ్చి గుమ్మంలో నిలబడితే, కళ్లు కనిపించకపోయినా, సంగతి ఆవిడకి అర్థమైంది.

"గురువారం నేను అడిగాను, అత్తా."

"అడిగావు." ఆవిడ పెనం మీద రొట్టె తిప్పింది. "అడిగితే? నిన్ను ఎనిమిది నెలలు హాయిగా ఉంచాను. తిన్నావు, పడుకున్నావు. నేను ముగ్గురు బిడ్డల్ని పాతిపెట్టాను పిల్లా. నాకెవరు గుచ్చారు? నాలుగో రోజుకల్లా మొక్కజొన్న రుబ్బాను."

మర్నాడు నెల్బా మళ్లీ బల్ల దగ్గర కూర్చుంది. వెళ్లిపోతుందనుకున్నారు అందరూ, వెళ్లలేదు. అత్తకి అన్నం పెట్టేది, తలకి నూనె రాసేది. ఒక్క మాట మాత్రం మాట్లాడేది కాదు. సాయంత్రాలు సమాధుల తోటలో గడిపేది. సమాధికి నీలం సున్నం కొట్టింది. దాని మీద కూతురి పేరు తనే రాసింది. ఆమె ఇప్పుడు వీధిలోనే ఏడ్చేది, దాచుకోకుండా. ఏడుపు వింటూ ఊరు గురువారం సంగతి గుర్తు చేసుకుంది. దోన్యా ఫిదెలీనా పిండి మరకి వెళ్తే వరసలో మాటలు ఆగిపోయేవి. ముసల్దానికి మనవరాలన్న బాధే లేదట, అని ఎవరో అన్నది ఆవిడ చెవిన పడింది.

సంవత్సరీకం ప్రార్థనలు దగ్గరపడ్డాయి. ఒకరోజు దోన్యా ఫిదెలీనా గోడ పట్టుకుంటూ పెరట్లోకి వచ్చింది.

"నాకొకటి చెయ్యి," అంది. "మంచి రాళ్లు పెట్టు."

నెల్బా పెట్టెలోంచి చురుగ్గా ఉన్న పురుగుని ఏరి తీసింది. ఆ పని ఆమె పగతో చెయ్యలేదు. అది ఎక్కడో ఒకచోట ఆగుతుందనే అనుకుంది. దుఃఖం లోపల ఎంత అడుగున ఉన్నా ఆ పురుగులకి తెలుస్తుంది. మామగారు పోయినప్పుడు, కంటతడి కూడా పెట్టని ఆయన తమ్ముడికి గుచ్చిన పురుగు అయిదారు అడుగుల్లోనే ఆగిపోయింది. ఎర్రరాళ్లు తొమ్మిది, తేనెరాయి ఒకటి పెట్టింది. పొడుగు గొలుసు వేసింది.

సంవత్సరీకం రోజు నాలుగు గంటలకి ఆడవాళ్లంతా వచ్చి అద్దె కుర్చీల్లో కూర్చున్నారు. దోన్యా ఫిదెలీనా కొత్త ఉయీపిల్ తొడుక్కుని ముందు వరసలో, అందరికీ కనపడేలా కూర్చుంది. అందరూ చూస్తుండగా నెల్బా పురుగుని ఆవిడకి గుచ్చింది. పురుగు కదిలింది. జపమాల మొదలైంది.

మొదటి పది పూసలు అయ్యేసరికి అది భుజం దాకా వెళ్లింది. రెండో పదికి కిందికి దిగి రొమ్ము మీదుగా ఎడమ పక్కకి వచ్చింది. గుండె మీదికి రాగానే అందరూ ముందుకు వంగారు. అది మీసాలు కదిలించి, ఆ చోటు దాటేసి, ముందుకు పోయింది. గొలుసు బిగిస్తే వెనక్కి తిరిగింది. దోన్యా ఫిదెలీనా ఏడవడం మొదలుపెట్టింది. కన్నీళ్లు బాగానే వచ్చాయి, గడ్డం మీంచి కారి పురుగు వీపు మీది రాళ్ల మీద పడ్డాయి. అది కాళ్లు తుడుచుకుని మళ్లీ నడిచింది. సులేమీ అని ఆవిడ పేరు పెట్టి పిలిచింది. తన ముగ్గురినీ పేరు పేరునా పిలిచింది. పురుగు మెడ దాకా ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కింది. ప్రార్థన చెప్పిస్తున్న దోన్యా సొకోర్రో, ముప్ఫై ఏళ్లుగా ఒక్క మాటా తప్పనిది, ఒక వాక్యం వదిలేసింది. ఆ వాక్యాన్ని ఎవరూ అందించలేదు.

ప్రార్థన అయ్యాక అరిటాకుల్లో ఉడికించిన మొక్కజొన్న పిండి పొట్లాలు, చాక్లెట్ వేసి కాచిన నీళ్లు ఇచ్చారు. అందరూ తిన్నారు. ఉప్పు సరిపోయిందన్నారు. వెళ్తూ వెళ్తూ ఒక్కొక్కరూ నెల్బా చెయ్యి పట్టుకున్నారు. దోన్యా ఫిదెలీనా కుర్చీ దగ్గర మాత్రం ఎవరూ ఆగలేదు.

గోడకి ఆనుకుని గాస్పర్ ఇదంతా చూశాడు. నలభై ఏళ్లుగా ఏ ముఖం వైపు చూసి పని మొదలుపెట్టేవాడో, ఆ ముఖం ముందు పురుగు అలా తిరుగుతూనే ఉంది.

మర్నాడు పొద్దున నెల్బా బట్టలు మూట కట్టుకుంది. తీసీమీన్‌లో వాళ్ల అక్క ఉంది. బస్సు దాకా దింపుతానని గాస్పర్ మోటారుసైకిలు బయటికి తీశాడు. ఒక్క తన్నుకి స్టార్టయింది.

"చూడు, ఎంత బాగా నడుస్తోందో," అంది నెల్బా.

బస్సు కనపడ్డాక, నేనూ వస్తాను అన్నాడు గాస్పర్. నెల్బా మూట ఎత్తుకుని, రంగు పెన్సిళ్ల డబ్బా అందులో ఉందో లేదో తడిమి చూసుకుని, వద్దంది. బస్సెక్కాక అతని వైపు తిరిగి చూడలేదు.

గాస్పర్ ఆ తరవాత మెరిదాలో తాపీ పనికి కుదిరాడు. ఆదివారాలు వచ్చి తల్లికి సరుకులు పడేసి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోతాడు. రాళ్లు అతికే చెయ్యి లేక బల్ల మీద దుమ్ము పేరుకుంది. పెట్టెల్లోని పురుగుల్ని అతనే అడివిలో వదిలేశాడు, ఒక్కటి తప్ప.

మరుసటి మే నెలలో రెబెకా మేడమ్ వచ్చేసరికి దోన్యా ఫిదెలీనా గుమ్మం ముందు కుర్చీలో కూర్చుని ఉంది. ఉయీపిల్ కుట్టుపూలు పురుగు కాళ్లకి అరిగి, దారాలు తేలిపోయాయి. రాళ్లు రెండు ఊడిపోయాయి. మేడమ్ వంగి చూసి, ఇది అలిసిపోయింది పాపం, తీసేస్తాను, మీకేమీ కాదు, అంది.

ముసలావిడ రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఉండనివ్వు మేడమ్. ఒక్కసారి ఆగితే చాలు. ఎవరి కోసమైనా సరే."

మేడమ్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. నోటుపుస్తకం తెరిచి, తేదీ వేసింది. పురుగు ముసలావిడ ఎడమ రొమ్ము మీదుగా మెల్లగా నడిచి, గొలుసు బిగిసేదాకా పోయి, వెనక్కి తిరిగింది.