నీళ్లు పడని బావి

మా చర్చిలో పాట ఎత్తేది నేను. నేను పల్లవి అందుకుంటే మిగతావాళ్లు వెనకాల వస్తారు. నా గొంతు గొప్పదని కాదు, మిగతా గొంతులు మరీ అన్యాయం. వాక్యం చెప్పేది మా అన్న బయ్యన్న. పాస్టరుగారు అనంతపురం నుంచి నెలకొకసారి వస్తారు. మిగతా ఆదివారాలన్నీ సంఘ పెద్దగా మా అన్నదే పెత్తనం. మా తాత బాప్తిస్మం తీసుకున్నప్పుడు దేవుణ్ణి మార్చుకున్నాడు గానీ ఇంట్లో పేర్లు మార్చలేదు, అందుకే నేను ఓబులమ్మనయ్యాను. నాయన పోయాక నా పెళ్లి చేసింది అన్న. నాకు టైఫాయిడ్ వస్తే ఎద్దులబండి కట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది అన్న. వాక్యం తర్వాత నాకు అన్న మాటే వాక్యం. ఇప్పుడది తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఎనభై నాలుగు, ఎనభై ఐదు. రెండేళ్లూ శెనక్కాయ చేను ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. ఇక వానను నమ్ముకుంటే లాభం లేదు, చేన్లో బావి తవ్వుదామన్నాడు మా ఆయన రామాంజులు. మా వైపు బావి తవ్వాలంటే ముందు నీళ్లు చూసేవాణ్ణి పిలుస్తారు. అతను అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. టెంకాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడ తవ్వాలి. రాప్తాడు అవతల తిప్పేస్వామి అని ఒకతను ఉన్నాడు, అతని చేతికి మంచి పేరు. మా ఆయన అతన్ని పిలవబోతున్నాడని తెలిసి అన్న పరుగున వచ్చాడు.

"దేవుణ్ణి నమ్ముకున్నోళ్లం మనం, టెంకాయను నమ్ముతామా బావా? రేపు సంఘంలో నేను ఏ మొగం పెట్టుకోని వాక్యం చెప్పాల?" అన్నాడు.

మా ఆయన నా వైపు చూశాడు. నేను అన్న వైపు చూశాను. అంతటితో తిప్పేస్వామి మాట పోయింది.

ఆ శుక్రవారం సంఘమంతా ఉపవాసముండి మా చేనికి వచ్చింది. అన్న చేను నడుమ మోకాళ్లూని ఎండలో చాలాసేపు ప్రార్థన చేశాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఆమెన్ అని లేచాక, అతని మోకాళ్లు ఆనిన చోట మా ఆయన కర్ర పాతాడు. ఈ లోకంలో బావికి అట్లా గుర్తు పెట్టుకున్నవాళ్లు మేమే అయ్యుంటాం.

తవ్వాం. మా ఆయన లోపల గడ్డపార వేస్తుంటే నేను గంపలతో మట్టి ఎత్తి గట్టున పోసేదాన్ని. మనిషి ఎత్తు ఒక మట్టు అంటాం మేము. రెండు మట్లు మట్టి, తర్వాత మొరం, ఆ తర్వాత బండ. బండకు తూటాలు పెట్టించాం. చేతులు బొబ్బలెక్కి, చితికి, మళ్లీ ఎక్కాయి. ఐదు మట్లు దిగినా అడుగున చెమ్మ లేదు. అన్న వచ్చి లోపలికి తొంగి చూసి, "ఇంగొక మట్టు దిగండి, నమ్మకముండాల" అన్నాడు. ఇంకో మట్టు దిగాం. దుమ్ము లేచింది.

ఆ తర్వాత మొదలైంది అసలు కథ. ఆదివారం చర్చి బయట తిమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని, "నీ మనసులో ఏదో ఉండాది ఓబులమ్మా. అది ఒప్పుకో. అందుకే దేవుడు నీళ్లు మూసిపెట్టినాడు" అంది. అన్న పక్కనే ఉన్నాడు. వింటూ చెప్పులు వేసుకున్నాడు. మరుసటి వారం ప్రార్థనలో, "ఓబులమ్మ కుటుంబానికి విశ్వాసం దయచెయ్యి ప్రభువా" అని మా కోసం పేరు పెట్టి అడిగాడు. నేను తల వంచుకుని ఆమెన్ అన్నాను. ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని నేను చేసిన పాపమేమిటా అని వెతుక్కున్నాను. ఎవరి చేలోనో గడ్డి కోశాననీ, అత్తను ఒకసారి ఎదిరించాననీ గుర్తొచ్చింది. ఇంత బండ అడ్డం పెట్టేంత పాపమైతే దొరకలేదు.

వానాకాలం పోయాక అన్న తన చేన్లో బావి తవ్వాడు. మా గట్టుకు అవతలే. నాలుగో మట్టుకే నీళ్లు ఎగదన్నాయి. ఊరంతా చూడటానికి వెళ్లింది. ఆ ఆదివారం పాట ఎత్తింది నేనే, అదీ మనస్ఫూర్తిగా. మా ఇంట్లో లేకపోతేనేం, అన్న ఇంట్లో ఉంది కదా అనుకున్నాను.

క్రిస్మస్ అయ్యాక రాప్తాడులో బస్సు కోసం నిలబడి ఉంటే తిప్పేస్వామి ఎదురయ్యాడు. బీడీ ముట్టించుకుంటూ, "మీ అన్న బాయిలో నీళ్లు బాగున్నాయామ్మా?" అని అడిగాడు.

"బాగున్నాయప్పా. నీకెట్ల తెల్సు?"

"నేనే కదా చూసింది. ఆ పొద్దు టెంకాయ ఎట్ల లేసి నిలబడిందనుకున్నావు. నాలుగు మట్లకే పడతాయని అప్పుడే చెప్తి. మీ చేను గూడా చూడమంటాడేమో అనుకుంటి, అడగలేదు."

అతను నన్ను దెప్పాలని అనలేదు. నాకు తెలుసనే అనుకున్నాడు. బస్సు వచ్చింది, నేను ఎక్కలేదు. ఊరి దాకా నడిచాను. అన్న నన్ను మోసం చేశాడన్న మాట దారి పొడుగునా నా నోటికి రాలేదు. దేవుడు మోసం చేశాడన్న మాట మాత్రం వచ్చింది. ఇద్దరూ కూడబలుక్కుని నన్ను ఆ గుంతలోకి దించారనిపించింది.

మరునాడు పొద్దున్నే అన్న బావి దగ్గరికి వెళ్లాను. వంగ తోటకు నీళ్ల మడవలు తిప్పుతున్నాడు.

"టెంకాయ పట్టించినావంట కదన్నా."

ఎవరు చెప్పారని అడగలేదు. పార కింద పెట్టాడు. "ఇంగెవరికన్నా చెప్పినావా?" అన్నాడు.

"మా చేన్లో వద్దంటివి. నీ చేన్లోకి ఎట్ల వచ్చె?"

"మీ బాయి ఎండిపోయినంక నాకు భయమయ్యింది ఓబులమ్మా. ప్రార్థన చేసి తవ్వినంక నాది గూడా ఎండిపోతే సంఘంలో నా మాట ఎవురు వింటారు?"

"నాది ఎండిపోతే నా మాట ఎవురు విన్నారన్నా? నాలో పాపముండాదని తిమ్మమ్మ అంటాంటే పక్కన నిలబడుకోని చెప్పులేసుకుంటివే. నమ్మకం లేనిది నీకు. నమ్మకం దయచెయ్యమని ప్రార్థన చేసింది మా కోసమా?"

అతను వంగి మడవకు మట్టి అడ్డం వేశాడు. తర్వాత మెల్లిగా, బేరం చేసేవాడి గొంతుతో మాట్లాడాడు. "అయిందేదో అయిపాయ. పొద్దున పూట నా బాయిలోంచి మీ చేనికి నీళ్లు ఇడుస్తా. రామాంజులు బెంగళూరికి పొయ్యే పనుండదు. కోత పండగ నాడు ఈ నీళ్లు దేవుడిచ్చినాడని నేను సాక్ష్యం చెప్తా, నువ్వు ఎప్పట్లాగ పాట ఎత్తు. నేను అడిగేది అంతే."

మా ఆయన బెంగళూరులో మేస్త్రీ పనికి పోవడానికి మూట కట్టుకుని ఉన్న మాట నిజం. ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాను. అతను మోకాలికి ఆముదం రాసుకుంటూ విన్నాడు. ఆ బావి తవ్వినప్పటి నుంచి అతని మోకాలు మంచిది కాదు.

"నాకు పోవాలని లేదు," అన్నాడు. ఆముదం గిన్నె పక్కన పెట్టి, "కానీ పాట ఎత్తేదానివి నువ్వు. నీకెట్ల తోస్తే అట్ల చెయ్యి" అన్నాడు.

ఆ వారమంతా నేను ప్రార్థన చెయ్యలేదు. చెయ్యబోతే తిట్లు వచ్చేవి. నీళ్లకు ఒప్పుకుంటే మొగుడు ఇంట్లో ఉంటాడు. అన్న అబద్ధం మీద పాట ఎత్తితే, ఇక ఎప్పుడు స్తోత్రం అన్నా అది నీళ్ల బాకీ తీర్చినట్టే ఉంటుంది. ఎటూ తేల్చుకోలేక చేనికి పోయి ఉలవలు పీకాను. శెనక్కాయ పోయాక ఊరికే ఉంచడమెందుకని చల్లిన ఉలవలు. మంచు ఆరితే కాయలు పగిలి రాలిపోతాయని తెల్లవారే పీకాలి. కల్లంలో కొట్టి చెరిగితే రెండు మూటలయ్యాయి. వీటి కోసం ఎవరూ ఉపవాసముండలేదు. ఎవరూ మోకాళ్లూనలేదు. దసరా వెనకాల పడ్డ ఒక్క వాన పదునుకే మొలిచి, ఆ దిక్కుమాలిన గుంత చుట్టూ కాసి కూర్చున్నాయి. చేటలో వాటిని చూస్తూ చాలా నెలల తర్వాత నవ్వాను. ఏడ్చాను కూడా.

కోత పండుగ నాడు అందరూ తొలి పంట తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆ ఏడు పెట్టడానికి ఎవరి దగ్గరా పెద్దగా ఏమీ లేదు. నేను చేటెడు ఉలవలు పెట్టాను. అన్న గంప నిండా వంకాయలు, పచ్చటి కొత్తిమీర కట్టలు తెచ్చాడు. చర్చి అంతా ఆ కొత్తిమీర వాసనే. పాస్టరుగారు సాక్ష్యాలు అడిగితే అన్న లేచాడు.

"కరువులో మోకాళ్లూని అడిగినా. దేవుడు నాలుగు మట్లకే ఇచ్చినాడు. నమ్మినోడికి ఆయన తక్కువ చెయ్యడు," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. అందరూ తిరిగారు. మగవాళ్ల వైపు మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు.

నేను లేచాను.

"పాటకు ముందు నాదొక సాక్ష్యముండాది," అన్నాను. "మా చేన్లో గూడా మోకాళ్లూని అడిగినాం. మీరంతా వచ్చినారు, పస్తులుండినారు. నీళ్లు పడలేదు. అది మా నమ్మకం తక్కువై కాదు. నాలో పాపముండాదన్నారు, నేను గూడా వెతుక్కున్నా. దేవుడు ఇయ్యలేదు, అంతే. యాల ఇయ్యలేదో నాకు తెల్దు, ఆయన చెప్పలేదు. ఆయన మీద నాకు కోపముండాది, అది గూడా ఆయనకు తెల్సు. నా బాయి ఎండిపోయింది. నా మొగుడు రేపు బెంగళూరికి పోతాండాడు. రెండు మూటల ఉలవలు వచ్చినాయి. ఈ ఏడు నాకున్నది ఇదే, దీనికే నేను స్తోత్రం చెప్తాండా. ఇంగొకరి నీళ్లకు నేను పాట ఎత్తను."

తిప్పేస్వామి పేరు నా నోట రాలేదు. వస్తుందేమోనని అన్న నా నోటి వంక చూసిన చూపు మాత్రం పాస్టరుగారు చూశారు, తిమ్మమ్మ చూసింది, అందరూ చూశారు. పాట ఎత్తాను. మొదట ఎవరూ అందుకోలేదు. చర్చిలో ఎన్నడూ నోరు తెరవని మా ఆయన, శ్రుతీ లయా లేకుండా, వెనక నుంచి అందుకున్నాడు. తర్వాత ఒక్కొక్కరే కలిశారు. అన్న పెదవులు కదల్లేదు.

బయట అతను నా దగ్గరికి వచ్చి, "నీళ్ల మాట ఇంగ మర్చిపో" అన్నాడు.

"సరేనన్నా," అన్నాను. ఇంకేమైనా అంటాడేమోనని నిలబడ్డాను. నా అన్న కదా. అతను గంప ఎత్తుకుని వెళ్లిపోయాడు.

సోమవారం రాప్తాడులో మా ఆయన్ని బస్సెక్కించాను. "నన్ను తిట్టుకుంటాండావా?" అని అడిగాను.

"రేత్రి తిట్టుకుంటి," అన్నాడు. "ఈ పొద్దు లేదు."

ఇంటికొచ్చి ఉలవలు ఉడకేసి సంగటి కెలికాను. ఎప్పుడూ ఇద్దరికి కెలికే చెయ్యి, ఇద్దరికే కెలికింది. అన్న మీద కోపం తగ్గలేదు. తగ్గించమని ఇంకా అడగలేదు కూడా, అడిగితే తగ్గుతుందేమోనని. కంచం ముందు కళ్లు మూసుకున్నాను. ఎదురుగా మనిషి లేడు, చేన్లో నీళ్లు లేవు, నాయన తర్వాత నాయన అనుకున్న అన్న లేడు. స్తోత్రం అన్నాను. అది నా మాటే. ఎవరూ చెప్పించలేదు. కళ్లు తెరిచి తిన్నాను.