రాణిగారి గొంతు

"కాసేపు ఊరుకోవే, రాణి మాట్లాడుతోంది" అన్నారు అత్తగారు, స్టవ్ కట్టెయ్యమని నేను పెరట్లోంచి కేకేస్తే. ఆవిడ చూస్తున్నది రాజుల కాలం సీరియల్. అందులో పట్టపురాణికి డబ్బింగ్ చెప్పేది నేనే. నా గొంతు వినడానికి నన్ను నోరు మూసుకోమనే ఇల్లు మాది.

ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ "రాణి గొంతు మా కోడలిదే" అని ఆవిడ గొప్పగా చెప్పుకుంటారు. మా ఆయన మాత్రం "ఏసీ గదిలో నిలబడి నాలుగు మాటలు చెప్పి రావడమేగా, అలసటేమిటి?" అంటాడు. ఆ నాలుగు మాటలకు ముందు వంట, పాప జడలు, మామగారి మందులు, ఇస్త్రీ ఉంటాయి. వాటికి ఎవరి గొంతూ లేదు.

ఆ సీరియల్‌కి మాటలు రాసేది నా స్నేహితురాలు. స్టూడియోలో అందరూ రైటరమ్మ అంటారు. ఆరేళ్ళుగా ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకరి డబ్బాలోది ఒకరం తిన్నాం. కిందటేడు స్టూడియో మెట్ల మీద ఆమెకొక్కదానికే చెప్పాను. బాత్రూంలో జారిపడి కడుపు పోయిందని ఇంట్లో చెప్పింది అబద్ధం, మాత్రలు వేసుకున్నాను అని. ఇంకో బిడ్డ వద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నా, "నువ్వు కనిపడెయ్, అమ్మ పెంచుతుంది" అనేవాడు మా ఆయన. మొదటిదాన్ని ఎవరు పెంచారో నాకు తెలుసు. "ఏడుపు రాలేదే. పెళ్ళయ్యాక మొదటిసారి కంటినిండా నిద్రపోయాను" అన్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒక్కో మాటా గుర్తుపెట్టుకుంటోందని నాకేం తెలుసు?

మొన్న మైకు ముందు నిలబడి కాగితం చూశాను. రాణి తన చిన్ననాటి చెలికత్తెకు రహస్యం చెబుతోంది. స్నానాల మెట్ల మీద జారిపడ్డానని రాజుగారితో చెప్పింది అబద్ధమట, కషాయం తాగిందట. "ఏడుపు రాలేదు చెలీ. పట్టాభిషేకం తరువాత మొదటిసారి కంటినిండా నిద్రపోయాను." నా బతుక్కి రైటరమ్మ నాలుగు నగలు పెట్టింది, అంతే. ఒళ్ళు మండిపోయింది. ఆమెను వరండాలోకి లాక్కెళ్ళాను.

"నన్నొక్క మాట అడిగావా?"

"అడిగితే ఒప్పుకునేదానివా? అయినా ఎవరికి తెలుస్తుందే? అది రాణి కథ."

"మా ఆయనకి తెలుస్తుంది."

"వెక్కివెక్కి ఏడ్చి చెప్పు. అప్పుడది రాణి మాటే అవుతుంది. నిన్నెవరూ అనుమానించరు."

ఆమె అన్నది నిజమే. డైరెక్టరుగారికి కావలసిందీ అదే. "పాపం చేసిన మనిషమ్మా, కుమిలిపోవాలి" అన్నారు అద్దం అవతలి నుంచి. తెర మీద రాణి ముఖం అటు తిప్పుకుని ఉంది కాబట్టి ఎలా చెప్పినా అతుకుతుంది. మూడుసార్లు ఏడ్చాను. మూడోసారికి నా మీద నాకే రోత పుట్టింది. స్నేహం ఎలాగూ పోయింది. నాదంటూ మిగిలింది ఆ నిద్ర ఒక్కటే, దాన్ని కూడా తప్పని ఒప్పుకోవాలా? నాలుగోసారి, ఆ మెట్ల మీద ఎలా చెప్పానో అలాగే చెప్పాను. డైరెక్టరుగారు కాసేపు నసిగి, "సరే, ఇదే ఉంచుదాం" అన్నారు. రైటరమ్మ నా వైపు చూడలేదు.

ఆ ఎపిసోడ్ వచ్చిన సాయంత్రం సోఫా వెనక నిలబడి బట్టలు మడతపెడుతున్నాను.

"ఛీ, ఇదీ ఒక ఆడదేనా! కంట చుక్క నీరు లేదు" అన్నారు అత్తగారు.

మా ఆయన టీవీ ఆపేశాడు. స్నానాల మెట్ల మాట దగ్గరే అతని కాలు ఊపడం ఆగిపోవడం నేను చూశాను. మెల్లిగా వెనక్కి తిరిగాడు.

"అంత మాట, ఏడుపు రాకుండా ఎలా చెప్పావు?"

చేతిలో ఉన్న అతని చొక్కా మడతపెట్టకుండానే సోఫా మీద పెట్టాను.

"రాలేదు" అన్నాను. "అప్పుడూ రాలేదు."