మిరప గోతాల గుడారం

క్రిస్టీనా పోయిన రోజు బడికి సెలవు ఇవ్వలేదు. యూనిట్ పరీక్షలు జరుగుతున్నాయి. ఆమె ఇన్విజిలేటరుగా కూర్చోవలసిన తొమ్మిదో తరగతి గదిలో హెడ్మాస్టారు గారే కూర్చున్నారట. మధ్యాహ్నం గుంటూరు ఆసుపత్రి నుంచి వ్యాను వచ్చి మా ఇంటి ముందు ఆగేసరికి, పరీక్ష రాసిన ఆడపిల్లలు వేళ్ల మీద సిరాతో అలాగే వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. నేను వచ్చినవాళ్లకు కుర్చీలు వేయించాను, మంచినీళ్లు ఇప్పించాను, సమాధి దగ్గర మట్టి వేశాను. ఏడవలేదు. మా వదిన నా దగ్గరికి వచ్చి, "ఏడువు మరిదీ, లోపల పెట్టుకోకూడదు" అంది. పెట్టుకోవాలని పెట్టుకోలేదు. రాలేదు, అంతే.

వారం రోజుల జ్వరం. ఆ ఏడు మా వైపు చాలామందికి వచ్చింది. చాలామందికి తగ్గింది.

నా భార్య క్రిస్టీనా మా బడిలో డ్రిల్లు టీచరు. నేను సోషల్ చెబుతాను. ఆమె పుట్టింది రేపల్లె అవతల, కృష్ణ ఒడ్డున ఒక లంకలో. నడక కన్నా ముందు పడవ వచ్చిందని అనేది. నాది దర్శి వైపు మెట్ట. నా చిన్నప్పుడు నీళ్లంటే బోరింగు దగ్గర వరస. మేం పనిచేసే ఊరు చిలకలూరిపేటకు పడమర. పత్తి, మిరప, కాలవ చివరి భూములు. మా ఆడపిల్లల్లో కృష్ణను బస్సు కిటికీలోంచి తప్ప చూసినవాళ్లు తక్కువ. వాళ్లను క్రిస్మస్ సెలవుల్లో తీసుకెళ్లి, వాళ్ల పడవ వాళ్లే తోసుకుంటూ అమరావతికి ఎగువన ఒక లంకకు చేర్చి, ఆ రాత్రి అక్కడే వండుకుని పడుకుని, మర్నాడు తిరిగి రావాలని క్రిస్టీనా ఏడాదిగా అనుకుంటోంది.

విజయవాడలో పడవలు నేర్పే సంఘం ఒకటుంది. వాళ్ల దగ్గర కయాక్‌లున్నాయి. సన్నగా, చిక్కుడుకాయలా ఉంటాయి. ఒకరి వెనక ఒకరు ఇద్దరు కూర్చుంటారు. తెడ్డుకు రెండు చివర్లా రెక్కలు. అక్కడ నేర్పే జాన్ బాషాతో మాట్లాడి ఆమె అంతా ఆలోచించి పెట్టింది. పెద్ద నది వద్దంది. పక్క పాయలో, నడుము లోతు నీళ్లలో, గాలి లేవకముందే బయలుదేరాలంది.

"మొదటిసారి పడవెక్కేవాళ్లకి నది ఎంత పెద్దదో చూపించకూడదు మార్కూ. గట్టు కనిపిస్తా ఉండాలి. భయపడేవాళ్లు ముందు కూర్చోవాలి, నింపాదస్తులు వెనక."

"మరి నేను?" అన్నాను.

"నువ్వు నా ముందు."

ఆమె పోయాక ఈ ప్రయాణం ఆగిపోతుందని అందరం అనుకున్నాం. ఎవరూ ఆ మాట అనలేదు. ప్రకటించడం మాత్రం నా పని అని నాకు తెలుసు.

ఒక సాయంత్రం చివరి గంట కొట్టాక కిటికీలోంచి చూస్తే, ఆడపిల్లలు గ్రౌండులో పొడుగు బల్లలు వేసుకుని ఒకరి వెనక ఒకరు కూర్చున్నారు. చేతుల్లో వెదురు కర్రలు. క్రిస్టీనా నేర్పిన సాధన అది. నీళ్లు లేని ఊళ్లో నేల మీదే మొదలుపెట్టింది.

"ఏమే తేజశ్రీ, తెడ్డేస్తున్నావా, పప్పులో గరిట తిప్పుతున్నావా?"

"నువ్వు ముందు చూసి కూర్చోవే! నీ జడ నా నోట్లోకొస్తంది."

"చేత్తో కాదు, నడుంతో. టీచరు చెప్పలా?"

ఆఖరి మాట అన్నది కోటేశ్వరి. ఆ మాటకు అందరూ ఆగారు. మళ్లీ మొదలుపెట్టారు.

ప్రయాణం లేదని చెప్పడానికే నేను గ్రౌండులోకి వెళ్లాను. కోటేశ్వరి లేచి నిలబడి, "సార్, టెంటు సంగతి ఏం చేద్దాం? టీచరు దాని ఏర్పాటు ఇంకా చూళ్లేదు" అంది.

"చూద్దాం" అన్నాను. నా నోటి నుంచి వచ్చింది అదొక్కటే.

పిల్లలు వెళ్లిపోయాక ఎవరూ లేరని చూసుకుని బల్ల ముందు చివర కూర్చున్నాను. నా బరువుకు వెనక చివర పైకి లేచింది. కాళ్లు గట్టిగా నేలకు ఆనించి కాసేపు అలాగే ఉన్నాను. తర్వాత బల్లలు వరండాలో పెట్టించి ఇంటికి వెళ్లాను. ఇంట్లో ఇద్దరికి సరిపడా అన్నం వండే అలవాటు అప్పటికి ఇంకా పోలేదు. పొద్దున చద్దన్నం తినేవాణ్ని.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి జాన్ బాషాను కలిశాను. నల్లగా, పొట్టిగా, ఎండలో కళ్లు చికిలించి మాట్లాడే మనిషి. నన్ను చూసి చేతులు కట్టుకున్నాడు.

"మేడం సంగతి విన్నానండీ. ఆమె ఉంటే నాకు పనే లేదు. పిల్లల్ని నా మీద వదిలేసినా నేను చూసుకుంటా. కానీ బడి తరపున వచ్చే పెద్దమనిషి పడవలో ఉండాల్సిందే. గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటానంటే కుదరదండీ."

"నాకు ఈత రాదు."

"రాకపోతే ఫర్వాలేదండీ, లైఫ్ జాకెట్ ఉంటది, తేలతారు. ఒక్క ఆదివారం రండి. పడవ నేనే బోల్తా కొట్టిస్తా. మీరు నీళ్లలో పడి, పైకొచ్చి, పడవ పట్టుకోవాలి. అది ఒక్కసారి అయిందంటే ఇంక భయం ఉండదు. సారు పడి లేచారని తెలిస్తే పిల్లలకీ ధైర్యం."

"ఇవాళా?"

"ఇవాళైనా సరే."

నేను నీళ్ల వైపు చూశాను. గట్టు దగ్గర అడుగు కనిపిస్తోంది. కాస్త ముందుకు కనిపించడం లేదు. బట్టలు తెచ్చుకోలేదన్నాను. వచ్చే వారం వస్తానన్నాను. జాన్ బాషా టీ తాగించి బస్సెక్కించాడు. వచ్చే వారం పరీక్ష పేపర్లు ఉన్నాయి. ఆ పై వారం మా బంధువుల పెళ్లి.

ఈలోగా తల్లులు మాట్లాడుకుని, తమ తరపున కోటేశ్వరి నాయనమ్మ హనుమాయమ్మను పంపారు. ఆమె స్టాఫ్ రూములోకి వచ్చి నేను వేయించిన కుర్చీ వద్దని గుమ్మంలోనే నిలబడింది.

"ఏందయ్యా మాస్టారా, పిల్లల్ని ఏట్లోకి తీసకపోతన్నావంట?"

"ఏరు కాదమ్మా, పక్క పాయ. నడుము లోతే."

"ఎవురి నడుము? నీదా, నా మనవరాలిదా?"

లెక్కల మాస్టారు పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"టీచరమ్మ ఉన్నప్పుడు మేం కాదన్లా. ఆమె ఆడమనిషి, నీళ్లు తెలిసిన మనిషి. నీకు ఈతొచ్చా?"

"రాదు."

"మరి పిల్ల మునిగితే ఏం జేస్తావు? గట్టు మీద నిలబడి పాఠం చెప్తావా?"

  "మీరు పంపకపోతే నేను తప్పు పట్టనమ్మా" అన్నాను.

హనుమాయమ్మ వెనక్కి తిరిగింది. "పంపం అన్లా. అడగతన్నా" అని వెళ్లిపోయింది.

టెంటు సంగతి అటెండరు దానయ్య భుజాన వేసుకున్నాడు. కొనడం మాటలు కాదు. అద్దెకు తెస్తే తిరిగి ఇచ్చే బాధ. గోతాలతో కుడదామన్నాడు. కిందటేడు పంట తోలిన ఖాళీ మిర్చి గోతాలు ఊళ్లో ప్రతి ఇంటి అటక మీదా ఉంటాయి. పిల్లలు తలా కొన్ని మోసుకొచ్చారు. దానయ్య దబ్బనం, పురికొస తీసుకుని వరండాలో కూర్చుని రెండు పొరలుగా కుట్టాడు. వరండా అంతా తుమ్ములు. ఎవరికీ అనుమానం రాలేదు. మా ఊళ్లో మాఘం నుంచి చైత్రం దాకా కల్లాల్లో మిరపకాయలు ఎండుతూనే ఉంటాయి. అన్నంలో, దుప్పట్లో, పుస్తకాల్లో అదే వాసన. ఏడాదంతా మేమే కొంచెం దగ్గుతూ ఉంటాం. ఆ ఘాటును ఘాటు అని బయటినుంచి వచ్చినవాళ్లే గుర్తుపడతారు. క్రిస్టీనా కొత్తగా వచ్చినప్పుడు రోజంతా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. ఆమె ఉంటే ఆ గోతాలను గేటు కూడా దాటనిచ్చేది కాదు.

కార్తీకంలో ఒక శనివారం మధ్యాహ్నం గ్రౌండులో గుడారం వేసి చూశాం. కర్రలు నిలబడ్డాయి, తాళ్లు బిగిశాయి. ఎర్రగా, బరువుగా, కొంచెం పక్కకు ఒరిగి నిలిచింది. దానయ్య చుట్టూ తిరిగి, "తుపానొచ్చినా కదలదండీ" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అప్పుడే వాన పట్టుకుంది. తుపాను వాన కాదు, దక్షిణం నుంచి కొట్టే మామూలు జల్లు. అందరం నవ్వుతూ లోపలికి దూరాం. నన్ను కూడా చేతులు పట్టుకుని లాగారు. దానయ్య లోపలి నుంచి తలుపు గుడ్డ బిగించి కట్టాడు.

చినుకులు గోతాలను బాదేసరికి కిందటేటి దుమ్మంతా మా మీద రాలింది. ముందు ఒకరు తుమ్మారు. తర్వాత అందరూ. తడిసిన గోతాల నుంచి లేత ఎరుపు నీళ్లు బొట్లు బొట్లుగా తలల మీద, మెడల మీద, కళ్లలో పడ్డాయి.

"అమ్మో నా కళ్లు!"

"రుద్దుకోకే! రుద్దితే ఇంకా మంట!"

"ఓ దానయ్య మావా, తలుపు తియ్యి!"

"ముడి పడిందే తల్లీ, కనబడట్లా నాకూ!"

పిల్లలు ఏడుస్తున్నారు, దగ్గుతున్నారు, మధ్యలో నవ్వుతున్నారు. నా కళ్లు మండాయి. నీళ్లు కారాయి. తుడుచుకున్నాను. ఇంకా కారాయి. అవి మిరప నీళ్లు కాదని నాకు కాసేపటికి తెలిసింది.  ఆపడానికి ప్రయత్నించలేదు. చుట్టూ ఇంతమంది ఏడుస్తుంటే నా ఏడుపు ఎవరికీ వేరుగా వినిపించదు. క్రిస్టీనా పోయాక మొదటిసారి, నా విద్యార్థినుల మధ్య, గోతాల కింద కూర్చుని, గొంతెత్తి ఏడ్చాను.

బయటినుంచి ఎవరో తాడు కోశారు. వెలుతురు వచ్చింది. కొడవలితో హనుమాయమ్మ. మనవరాలికి గొడుగు తెచ్చినట్టుంది, అది పక్కన నేల మీద పడి ఉంది.

"ఓరి మీ తెలివి తెల్లారా! మిరప గోతాల్లో ఎవురన్నా పడుకుంటారంటయ్యా? చచ్చేవోళ్లు!"

పిల్లలు బయటికి పరుగెత్తి వానలో మొహాలు పైకెత్తి నిలబడ్డారు. దానయ్య బోరింగు కొట్టడానికి పోయాడు. నేను లేవలేకపోయాను. కోటేశ్వరి వెనక్కి వచ్చి, "సార్, రండి, నీళ్లు కొడతారు" అంది.

హనుమాయమ్మ గుడారంలోకి తల వంచి చూసింది. నా మొహం చూసింది. మనవరాలి భుజం పట్టుకుని వెనక్కి తిప్పింది.

"సారుకి బాగా పట్టింది. ఉండనీ. కాసేపు ఎవురూ పిలవమాకండి."

తలుపు గుడ్డ మళ్లీ దించి బయట నిలబడింది. ఎవరినీ రానివ్వలేదు. వాన తగ్గే దాకా నేను లోపలే ఉన్నాను.

బయటికి వచ్చాక చెంబుతో నీళ్లు ఇచ్చింది. మొహం కడుక్కున్నాను. 

"నేనొస్తా ఏటికి" అంది. "లంక మీద వంట జేస్తా, రాత్రి పిల్లల పక్కన పడుకుంటా. నేనుంటే ఆ తల్లులు పంపుతారు. సామాను దాటించే నాటు పడవలో వస్తా, మీ తెడ్ల పడవ మాత్రం నేనెక్కను. అది నీ పని."

"నాకు భయం అమ్మా" అన్నాను. ఆ మాట నేను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

"తెలుస్తానే ఉంది. భయమైతే ముందు కూచోబెడతారంటగా, మా కోటి చెప్పింది."

ఇప్పుడు క్రిస్మస్ దగ్గరపడింది. దానయ్య లారీల మీద కప్పే పట్టా ఒకటి చిలకలూరిపేటలో ఒక మిల్లు దగ్గర సంపాదించాడు. హనుమాయమ్మ దాన్ని మూలమూలా వాసన చూసి ఒప్పుకుంది. ఎవరి వెనక ఎవరు కూర్చోవాలో పిల్లలే తేల్చుకున్నారు; తేజశ్రీ ముందు కూర్చునే పిల్ల జడ చుట్టి ముడి వేసుకునే షరతు మీద. నా వెనక జాన్ బాషా కూర్చుంటాడు. హెడ్మాస్టారు గారు సంతకం పెట్టారు. బియ్యం, పప్పు ఇళ్ల నుంచి వస్తాయి.

జాన్ బాషా మళ్లీ బడికి ఫోను చేశాడు. సెలవులకు ముందు మిగిలింది ఒక్క ఆదివారమే అన్నాడు. వస్తానన్నాను. చెప్పడం ఇదివరకు కూడా చెప్పాను. పిల్లలకు చేయవలసినవన్నీ అయ్యాయి. నేను మాత్రం ఇంకా నీళ్లలో పడలేదు.